కుక్కుటచోర వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: "మొన్న రాత్రి పెట్ట పోయింది, నిన్న మిట్టమధ్యాహ్నం పిల్ల పోయింది, ఇవాళ పొదగేసిన గుడ్లూ పోయాయి. అన్నీ ఆ దొంగపిల్లి పనే!"

అవతారిక: పక్కింటి పిన్నిగారు తెల్లవారి కోళ్లగూడు చూచి, అరుగుమీద పేపరు చదువుచున్న బాబాయిగారితో, వీధి వీధంతయు వినునట్లు పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: మొన్న రాత్రి = గూటికి గొళ్లెము వేయ మరచిన రాత్రి; మిట్టమధ్యాహ్నం = టీవీ సీరియలు వేళ; పిల్ల = తల్లి వెంట పెంటకుప్ప గెలుకుచున్నది; పోయాయి = పెంకుతో సహా కనబడకపోయినవి; ఆ దొంగపిల్లి = ఎదురింటివారు పాలుపోసి పెంచునది; పనే = పని మాత్రమే. ఇందలి ఏవకారము తక్కిన జంతువులన్నిటిని నిర్దోషులుగా విడిచిపెట్టుచున్నది.

తాత్పర్యము: నష్టములు మూడు, దోషి యొకటే, కర్ర సిద్ధము.

విశేషములు: మెదకు సీమ కొలిచారమువాడైన మల్లినాథసూరి మూలమున లేనిది వ్రాయననెను. గూటివద్ద లేని ఆనవాలు చెప్పరాదని మా నియమము.

పెట్ట సంగతి. గూటినుండి చెరకుతోట గట్టుదాక ఈకలు రాలియున్నవి, కళేబరము లేదు. కుక్కయైనచో నాలుగైదింటిని కొరికి, తినక, అచ్చటనే పడవేసెడిది. ముంగిస యందుమా, అది పగటి జంతువు. దొంగ రుచిమరిగి మరల వచ్చునని ఆ రాత్రి గూటిచుట్టు బూడిద చల్లితిమి. తెల్లవారి చూడగా గుండ్రని అడుగులు, నాలుగేసి వ్రేళ్లు, గోటిగుర్తు లేదు. నడచునప్పుడు గోళ్లు లోనికి ముడుచుట పిల్లిజాతి లక్షణము. కుక్కకు, ముంగిసకు ఆ విద్య లేదు. కావున పిన్నిగారి మాటలో పాతికవంతు సత్యము. అయినను నిండు పెట్టను నోట గరచి గట్టు దాటించుట, సోఫాపై నిద్రించుదానికి శక్యమా? ఇది చెరకుతోటలోని బావురుపిల్లి.

పిల్ల సంగతి సులువు. ఈక లేదు, నెత్తురు లేదు. తల్లి గొంతు మార్చి అరచెను, తక్కిన పిల్లలు రెక్కలక్రింద దూరెను. గద్ద.

గుడ్ల విషయమున పగిలిన పెంకులున్నచో కాకినో ముంగిసనో అనుమానింపవచ్చును. ఇచట పెంకుముక్కయు లేదు, మ్రింగినది పాము. పందికొక్కు దొర్లించుకొనిపోయెనని బాబాయిగారి మతము. దగ్గరలో కన్నము లేనందున అది గ్రాహ్యము కాదు.

ప్రయోగము: కోళ్లవల కోడిని లోపల నుంచునే గాని శత్రువును వెలుపల నుంచదు. అర అంగుళము కన్నుల వెల్డ్ మెష్ బిగించి, దాని అంచు అడుగు లోతున పాతవలెను. పొద్దుగూకగనే గొళ్లెము. పిల్లలు తిరుగుచోట పాత చేపలవల పందిరి. పొదుగు గంప ఇంటిలోనికి. బావురుపిల్లిని గాని ముంగిసను గాని చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. విషము పెట్టుదమని బాబాయిగారు. పెట్టిన ముందు చచ్చునది ఎదురింటి పిల్లియే.

పాఠాంతరము: "అన్నీ మీ పిల్లి పనే!" అని ఎదురింటి ప్రతిలో గలదు. దానిపై ఆ యింటి ఇల్లాలు చేసిన వ్యాఖ్య ముద్రణార్హము కాదు.