సరుకు దిగింది సార్!

పునాది గుంటలో వాననీళ్లు నిలిచి కప్పలు కాపురం పెట్టినా ఆయనకు దిగులు లేదు. ఇనుము లారీ గేటు దాటిందా లేదా, అదే ఆయన లెక్క. దాటిన మరుక్షణం, కొలతల పుస్తకంలో (ఎంబీలో) సరుకు లెక్క రాసే ఏఈ గారి ఫోను మోగుతుంది.

"సార్, సరుకు దిగింది. ఎంబీ పట్టుకుని ఒక్కసారి వచ్చి పోతే..."

సర్కారు పనులు చేసే ఈ కాంట్రాక్టరు గారిని ఏ డివిజన్ ఆఫీసు వరండాలోనైనా చూడొచ్చు. చంకలో రెక్సిన్ బ్యాగు, అందులో సీపీడబ్ల్యూడీ షరతుల పుస్తకం. అన్ని పేజీలూ కొత్తవే, 10బి క్లాజు ఉన్న పేజీ మాత్రం నలిగి నల్లబడింది. సైటుకు తెచ్చి భద్రపరిచిన సరుకు ఇంకా పనిలో వాడకపోయినా, దాని విలువలో 90 శాతం మించకుండా ముందే ఇవ్వొచ్చంటుంది ఆ క్లాజు. పేరు సెక్యూర్డ్ అడ్వాన్సు. ఫారం 31 మీద బాండు రాసిచ్చి సరుకును సర్కారుకు తాకట్టు పెట్టాలి. నిజం చెప్పొద్దూ, మంచి ఏర్పాటే. ఇది లేకపోతే చిన్న కాంట్రాక్టరు ఇనుము కొనడానికి వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాలి.

చిక్కల్లా ఒకటే. ఆ సరుకు పాడయ్యేది, పగిలేది, కాలేది కాకూడదు.

"చెక్క తలుపులు కాలతాయి కదండీ?" అంటారు ఏఈ గారు.

"మనం కాల్చం కదా సార్!"

"సిమెంటు మూడు నెలలుంటే బలం ఐదో వంతు తగ్గిపోతుందే?"

"అన్నాళ్లు ఇక్కడుంటే కదా సార్!" అనేసి నాలుక కరుచుకుంటాడు.

ఊచలు తూకం వేద్దామంటే ఒప్పుకోడు. "డీ స్క్వేర్ బై 162 ఉండగా కాటా ఎందుకు సార్? 12 ఎంఎం ఊచ మీటరుకు 0.89 కిలో, 12 మీటర్లకు పదిన్నర పైచిలుకు" అని నోటిలెక్క అప్పజెప్తాడు. సరే, ఇవే మళ్లీ ఇంకో సైటులో చూపించకుండా ఏఈ గారు కొసలకు ఎర్ర రంగు పూయించబోతారు. వంగి చూస్తే అక్కడ అప్పటికే పచ్చ రంగు, గీకితే దాని కింద నీలం.

"ఇదేమిటండీ?"

"తుప్పు పట్టకుండా సార్. మూడు కోటింగులు."

ఆయనకు అసలు గండం సరుకు వాడాల్సి రావడం. వాడినంత మేరా తర్వాతి రన్నింగ్ బిల్లులో అడ్వాన్సు కోసేస్తారు. అందుకే స్లాబు వేసే రోజు ఆయన ముఖం కూతుర్ని అప్పగింతలు పెట్టే తండ్రి ముఖంలా ఉంటుంది. "స్లాబు డబ్బులొస్తాయి కదండీ" అని అకౌంట్స్ గుమాస్తా ఓదారిస్తే, "వస్తాయిలెండి, కోసుకుని!" అని నిట్టూరుస్తాడు.

మొన్న ఏఈ గారి పై అధికారి డీఈ గారు, రాసిన కొలతలు సరిచూసే చెక్ మెజర్‌మెంటుకు వచ్చారు. గోడౌన్లో పది బస్తాల ఎత్తున సిమెంటు. పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేస్తే లెక్కలో రవ్వంత తేడా లేదు. అయినా ఆయన నిచ్చెన వేసుకుని పైకెక్కి నాలుగడుగులు వేశారు. ఐదో అడుగులో మనిషి లేడు. లోపల ఖాళీ డ్రమ్ములు ధన్‌మన్నాయి.

కాంట్రాక్టరు గారు కింద నుంచి చేతులు కట్టుకునే అన్నాడు: "చెమ్మ పట్టకుండా గాలి ఆడాలని వదిలాం సార్!"

బస్తాల మధ్య నుంచి డీఈ గారి గొంతు వినిపించింది: "ఏఈ గారూ, ఎంబీ ఇలా అందించండి. మిగతాది ఇక్కణ్నుంచే కొలుస్తాను."