ఎడమ కాలి విద్య

ఇక డ్రైవింగ్ స్కూళ్లన్నీ మూసేసుకోవచ్చు. ఎడమ కాలు బ్రేక్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, రెండూ కలిపి తొక్కి, ఇంజిన్ గొంతు చించుకునేదాకా ఆగి, ఆపైన ఎడమ కాలు ఎత్తెయ్యడమే సకల విద్యల సారమని మన ఫోన్లు తేల్చేశాయి. ఈమధ్య ఏ రీల్ తెరిచినా ఇదే పాఠం. నల్ల టీషర్టు గురువుగారు, ఆయన వెనక హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) దీపాలు, కింద పసుపు అక్షరాల్లో 'ఆటోమేటిక్ బ్రోస్ కోసం ప్రో టిప్స్'. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక మోకాలు అరిగిపోతోందని లక్ష పైచిలుకు అదనంగా పోసి ఆటోమేటిక్ కొన్న జాతి మనది. ఖాళీగా కూర్చున్న ఆ ఎడమ కాలికి ఇన్నాళ్లకు ఉద్యోగం దొరికింది.

టెక్నిక్ అబద్ధమని అనను. టార్క్ కన్వర్టర్ ఉన్న బండిలో ఇంజినుకీ గేర్లకీ మధ్య గట్టి పట్టు ఉండదు, ఆయిల్ ఉంటుంది. బ్రేక్ అదిమిపెట్టి యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ రెండు వేల పైచిలుకు ఆర్‌పీఎం దాకా లేచి, అక్కడ ఆగుతుంది. దాన్ని స్టాల్ స్పీడ్ అంటారు. బ్రేక్ వదిలితే బండి ఆ ఊపులో ముందుకు దూకుతుంది. ఇంతవరకూ గురువుగారు సరిగ్గానే చెబుతారు. చెప్పనిదల్లా, బండి కదలని ఆ కాసేపట్లో ఇంజిన్ శక్తి ఎక్కడికి పోతోందన్నది. ఓ మాదిరి టర్బో ఇంజినుకి యాభై అరవై కిలోవాట్లు తిన్నగా ఆయిల్లోకే వేడిగా దిగుతాయి. ఏడెనిమిది లీటర్ల ఆయిల్లో పాతిక ముప్పై బాత్‌రూమ్ గీజర్లు ముంచి ఒకేసారి స్విచ్ వేసినట్టు. మెకానిక్కులు ఇదే పనిని పరీక్ష కోసం చేసేటప్పుడు ఐదు సెకన్లు దాటనివ్వరు. గురువుగారు కెమెరా యాంగిల్ కుదిరేదాకా తొక్కిపట్టే ఉంటారు.

ఈ విద్య పుట్టిన అమెరికాలో దీన్ని ఎంత భయభక్తులతో చేస్తారో రీల్లో పట్టదు. అక్కడ తిన్నగా దూసుకెళ్లే పందేలు జరిగే డ్రాగ్ స్ట్రిప్పుల మీద ఇప్పటికీ తిరిగే పవర్‌గ్లైడ్ అనే గేర్‌బాక్సుకి ఉన్నవి రెండే గేర్లు. షెవర్లే దాన్ని 1973 తర్వాత చెయ్యడం మానేసింది. దానికి ట్రాన్స్‌బ్రేక్ అని ఒకటి బిగిస్తారు. ఫస్ట్ గేరూ రివర్స్ గేరూ ఒకేసారి పట్టుకుని బండిని గీత దగ్గర నిలబెడుతుంది, బటన్ వదలగానే రివర్స్ ఊడిపోతుంది. ఇన్ని హంగులున్నా ఆ గేర్‌బాక్సు చుట్టూ పేలుడు తట్టుకునే కవచం తొడుగుతారు. ఊరికే కాదు. 1970 మార్చిలో కాలిఫోర్నియాలోని లయన్స్ స్ట్రిప్ మీద డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ బండిలో ట్రాన్స్‌మిషన్ పేలి, ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆస్పత్రి మంచం మీదే ఆలోచించి, ఏడాది తిరక్కముందే ఇంజిన్‌ని తన వెనక్కి మార్చిన బండితో తిరిగొచ్చాడాయన. మనవాళ్లకు పాదాలు మిగులుగా ఉన్నట్టున్నాయి.

సరే, అదంతా కన్వర్టర్ ఉన్న బండి సంగతి. నాకు ఒళ్లు మండేది ఏఎంటీ వీరుల దగ్గర.

2014లో సెలెరియో కారుతో మన దేశంలో అడుగుపెట్టిన ఏఎంటీ పేరుకే ఆటోమేటిక్. లోపలున్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన కాలు చెయ్యాల్సిన పనిని ఒక యాక్చుయేటర్ చేస్తుంది, అదీ తీరిగ్గా. గేరు మార్చే ముందు ఓ లిప్తపాటు ఆలోచించుకుంటుంది, ఆ లిప్తలో లోపల కూర్చున్నవాళ్ల తలలన్నీ ఓసారి ముందుకు ఊగుతాయి. కూరగాయల మార్కెట్టుకీ పిల్లల ట్యూషన్‌కీ అంతకంటే నమ్మకమైన బండి లేదు. నేనూ అదే నడుపుతాను.

ఇప్పుడు దీనికి లాంచ్ అనే ఆ దూకుడు విద్య నేర్పుతున్నారు. ఏఎంటీలో బ్రేక్ మీద కాలు పెడితే యంత్రం చేసే మొదటి పని క్లచ్‌ని విడదీయడం. అది చెయ్యకపోతే సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. ఊపు దాచుకోవడానికి అందులో కన్వర్టర్ లేదు, ఆయిల్ పరుపు లేదు. పైగా ఈ కాలపు బళ్లు చాలావాటిల్లో రెండు పెడళ్లూ కలిపి తొక్కితే బ్రేక్ మాటే చెల్లేటట్టు సాఫ్ట్‌వేర్ రాసి ఉంటుంది. నువ్వు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా, వీడికి ఏదో అయిందనుకుని కారే ఇంజిన్‌ని తగ్గిస్తుంది. ఆ సమయంలో కారులో బుద్ధి ఉన్నది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కదానికే.

మా అపార్ట్‌మెంటులోనూ ఒక శిష్యుడున్నాడు. రాత్రి పదకొండు దాటాక సెల్లార్లో సాధన మొదలవుతుంది. పైకప్పు అదిరేలా ఇంజిన్ అరుస్తుంది, కాలిన క్లచ్ వాసన లిఫ్టెక్కి పై అంతస్తులకు వస్తుంది, బండి మాత్రం వాచ్‌మన్ కుర్చీ దాకా వెళ్లి ఆగుతుంది. "ఏం చేస్తున్నావు బాబూ" అని దిగి అడిగాను. "లాంచ్ ప్రాక్టీస్ అంకుల్, జీరో టు హండ్రెడ్ తగ్గించాలి" అన్నాడు. ఆ బండి వంద అందుకోవడానికి పదిహేను సెకన్ల దాకా తీసుకుంటుంది. అందులో పావు సెకను మిగుల్చుకోవడానికి క్లచ్ ప్లేటు ధారపోస్తున్నాడు. ఈఎంఐ వాళ్ల నాన్నది.

అంతటితో ఆగలేదు. వెనక టైర్లలో గాలి తగ్గించాడు. ఎందుకయ్యా అంటే గ్రిప్పు కోసమట, రీల్లో చెప్పారట. ఆ రీల్లో బండి అమెరికాది, వెనక చక్రాలతో నడిచేది. మనవాడి బండికి ఇంజిన్ బలం అందేది ముందు చక్రాలకి. బండి దూకినప్పుడు బరువు వెనక్కి వాలి, లాగాల్సిన ముందు చక్రాలు తేలికైపోతాయి. వెనకవి ఊరికే దొర్లుతూ వస్తాయి, వాటికి గ్రిప్పెందుకు? గాలి తక్కువైన టైరు హైవే వేగంలో వేడెక్కి పగులుతుందని చెప్పాను. "మీ జనరేషన్‌కి అర్థం కాదంకుల్" అన్నాడు.

న్యూట్రల్లో రేసు చేసి ఠక్కున డ్రైవ్‌లో వెయ్యమనే శాఖ ఇంకొకటుంది. వాళ్ల గేర్‌బాక్సు ముక్కలు డ్రైన్ ప్లగ్గులో ఏరుకోవచ్చు. బెల్టు మీద నడిచే సీవీటీ గేర్‌బాక్సు వీరులకు ఆ బెల్టే సమాధానం చెబుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆపెయ్యడం మొదటి మెట్టు అని చెప్పనివాడు మాత్రం ఇంతవరకూ కనబడలేదు.

ఇదంతా సెల్లార్లో జరిగినంతకాలం వాళ్ల క్లచ్చులు, వాళ్ల ఖర్మ. కానీ సాధన పూర్తయ్యాక వీళ్లు వెళ్లేది ఓఆర్‌ఆర్ మీదికి. రాత్రి రెండింటికి ఆ రోడ్డు ఖాళీగా ఉంటుందని ఎవడు చెప్పాడు మీకు? 158 కిలోమీటర్ల ఆ రింగు మీద ఆ వేళకి లారీలు నడుస్తుంటాయి, పాలవ్యాన్లు నడుస్తుంటాయి, శంషాబాద్‌లో తెల్లవారుజాము ఫ్లైటు అందుకోవాలని పిల్లల్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని కుటుంబాలు వెళ్తుంటాయి. టైరు పగిలిన లారీ పక్కన జాకీ పట్టుకుని కూర్చున్న క్లీనర్ ఉంటాడు. వాళ్లలో ఎవరూ మీ పోటీకి పేరివ్వలేదు. నీ రీలుకి వాళ్లెందుకు బ్యాక్‌గ్రౌండ్ కావాలి?

లెక్కలు ఇష్టమేగా, ఇది చెయ్యండి. డ్రాగ్ పందెం దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. దాన్ని 14 సెకన్లలో దాటే బండి చివరికి గంటకు 160 దగ్గర ఉంటుంది, ఆ రోడ్డు మీద అనుమతించిన గరిష్ఠ వేగం 120 కంటే నలభై ఎక్కువ. అంటే సెకనుకు 44 మీటర్లు. ముందు ఆగి ఉన్న లారీ కంటపడి, బుర్రకెక్కి, కాలు బ్రేక్ చేరేసరికే అరవై మీటర్లు పోతాయి. ఆ తర్వాత ఆగడానికి, రోడ్డు పొడిగా ఉండి టైర్లు బాగుంటే, ఇంకో నూట ఇరవై పైన. ఇంతకీ బ్రేక్ మీదికి అప్పుడు వెళ్లేది ఏ కాలు? కుడిదా, నెలరోజుల రీళ్లతో తర్ఫీదైన ఎడమదా?

2008లో న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో డ్రాగ్ రేసర్ స్కాట్ కలీటా బండి ఆగాల్సిన చోట ఆగక ఆయన ప్రాణం పోయింది. ట్రాక్ ఉంది, పారాచూట్లున్నాయి, అంబులెన్సుంది. అయినా అమెరికా డ్రాగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, అతివేగపు తరగతులకు పరుగునే వెయ్యి అడుగులకు కుదించింది. ఆగడానికి మరింత చోటుండాలని, పోటీనే చిన్నది చేసుకున్నారు. మన గురువుగారి రీళ్లన్నీ వెతకండి, బండి ఆగడం ఒక్కదాంట్లోనూ ఉండదు. స్పీడోమీటర్ వంద తాకగానే కట్.

అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం కాస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. జైలు సంగతి మరిచిపోండి, ఆ జరిమానా మాడిన గేర్‌బాక్సు ఆయిల్ మార్పించే ఖర్చుకి కూడా చాలదు.

అంత సరదాగా ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. లోణావలా దగ్గర ఆంబీ వ్యాలీ రన్‌వే మీద డ్రాగ్ పోటీలు జరిగాయి. హెల్మెట్ పెట్టుకుని, ఫీజు కట్టి, వరుసలో నిలబడాలి. అమెరికాలో ఆటోమేటిక్‌ని నెత్తిన పెట్టుకునే బ్రాకెట్ రేసింగ్‌లో ఇంకో తిరకాసుంది. నీ బండి ఎంతలో దాటుతుందో ముందే రాసివ్వాలి. రాసినదానికంటే వేగంగా వెళితే ఓడిపోయినట్టే. ప్రతిసారీ ఒకేలా పరుగెత్తుతుందనే అక్కడ ఆటోమేటిక్‌కి ఆ గౌరవం. పరుగయ్యాక చేతికిచ్చే చీటీలో కారు టైముతో పాటు డ్రైవరు టైమూ పడుతుంది: పచ్చదీపం వెలిగాక ఈ మనిషి కదలడానికి ఎంతసేపు పట్టిందో. ఏ మోడ్ నొక్కినా ఆ అంకె తగ్గదు. మనవాళ్లు ఇంతవరకూ పోస్ట్ చెయ్యనిది ఆ చీటీ ఒక్కటే.