నీలదంత పద్యానికి టీకా తాత్పర్యం

ఫోను కారుతోడ పొందుగా కలిసియు
పాట మూగవోయె, పలుకు వచ్చె;
పాత జంట విడక పట్టదు కొత్తది;
నీలదంత మహిమ నేర్వవలయు.

అవతారిక: పాత కారు బేరానికి వెళ్లిన కవి, టైర్లను కాలితో తన్ని, బానెట్ ఎత్తి ఏమీ అర్థం కాకపోయినా తల పంకించి, తనకు చేతనైన ఒకే ఒక్క పరీక్షకు దిగాడు: తన ఫోనును కారు బ్లూటూత్‌కు కలపడం. పద్యంలో యతులన్నీ కుదిరాయి. కుదరనిది ఫోనొక్కటే.

ప్రతిపదార్థం: ఫోను = కవిగారి కొత్త ఫోను; కారుతోడ = ఎనిమిదేళ్ల కారుతో; పొందుగా = రెండు తెరల మీదా ఒకే ఆరంకెల సంఖ్య కనబడగా సరేనని నొక్కి (ఇంకా పాత బళ్లలో 0000 కొట్టి); కలిసియు = కలిసినప్పటికీ; పాట మూగవోయె = ఫోనులో పాట సాగుతున్నా స్పీకర్లలో చప్పుడు లేదాయె; పాత జంట = వెనకటి యజమాని ఇంటిల్లిపాది ఫోన్లు; విడక = కారు జాబితాలోంచి తొలగించనిదే; కొత్తది = కవిగారిది; పట్టదు = దానికి చోటుండదు. 'పలుకు' సంగతి చివర చెబుతాను.

విశేషాలు: మూడో పాదం మొదట ఉండాల్సింది. జాబితాలో 'చిన్నోడి ఫోన్', 'అమ్మలు' వగైరాలను చెరిపాకే కవిగారి ఫోను కలిసింది. కంగారులో క్రమం తప్పాడు, క్షమిద్దాం.

'కలిసియు'లో 'యు' ఉందే, పద్యమంతా దానిమీదే నిలబడింది. బ్లూటూత్‌లో కలయిక ఒక్కటి కాదు. మాటకు హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్, పాటకు ఏటూడీపీ, స్టీరింగ్ మీది బటన్‌తో పాట మార్చడానికి ఏవీఆర్‌సీపీ, ఫోన్‌బుక్కు పేర్లకు పీబ్యాప్. ఫోనూ కారూ రెండూ ఒప్పుకున్నదే నడుస్తుంది. తెరమీద 'కనెక్టెడ్' అని పడగానే మురిసిపోవడం తాంబూలాలతోనే పెళ్లయిందనుకోవడం. ఇక్కడ జరిగిందీ అదే. ఫోను సెట్టింగుల్లో కారు పేరు కింద కాల్స్ మీట వెలిగి ఉంది, మీడియా ఆడియో మీట ఆరి ఉంది. దాన్ని వెలిగించాక పాట వరదలా వచ్చింది. కానీ అప్పటికే పద్యం పూర్తయింది.

'నీలదంత', అంటే బ్లూటూత్, అన్నది పళ్లపొడి ప్రస్తావన అని కొందరంటారు. తప్పు. 10వ శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హరాల్డ్ రాజు బిరుదు అది. కంప్యూటర్లనూ ఫోన్లనూ ఒక్కతాటి మీదికి తెచ్చే పనికి, జనాన్ని ఏకం చేసిన రాజు పేరు బాగుంటుందని 1997లో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ సూచించాడు. తాత్కాలికంగా పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది, మన ఇళ్లలో బుజ్జి, చిట్టి పేర్ల మాదిరి. ఆ నీలం గుర్తు కూడా రాజుగారి పొడి అక్షరాలే, రూన్ లిపిలో.

'మహిమ' అతిశయోక్తి కాదు. పాట వినిపించేటప్పుడు ఫోనూ కారూ సెకనుకు 1600 సార్ల దాకా, 79 చానళ్ల వరకు మారుతూ, అడుగు తప్పకుండా కలిసి గెంతుతుంటాయి.

ఇక 'పలుకు వచ్చె'. మీడియా మీట అప్పటికింకా వెలగలేదు. పాట కోసం కవి వాల్యూము ఆఖరిదాకా పెంచి, చెవి స్పీకరుకు ఆనించి ఉన్నాడు. పక్క సీట్లో కారు అమ్మే పెద్దమనిషి. అంతలో ఇంటినుంచి ఫోను. చేతికంటిన చెమటతో కవి ఏ బటను నొక్కాడో గానీ, కారు కారంతా మోగింది: "ఏమండీ, ఆ డొక్కుకి ఐదు లక్షలంటే వాడికి బుద్ధి లేకపోతే మీకైనా ఉండొద్దా?"

పెద్దమనిషి కాసేపు అద్దంలోంచి బయటికి చూసి అన్నాడు: "సౌండ్ క్లియర్‌గా ఉంది కదండీ."