పొట్టకు తెలియకుండా పొట్ట పెంచే ఉపాయాలు

ఒళ్లు చేయాలంటే బాగా తినాలని చాలామంది అనుకుంటారు. ఆ దారిలో ఖర్చెక్కువ, ఇంట్లో మాటలూ పడాలి. అంతకంటే తేలికైనది ఇంకోటుంది. తిన్నది మరచిపోండి.

నవ్వకండి, దీనికి ఆధారముంది. మెదడు దెబ్బతిని కొత్త జ్ఞాపకాలు నిలవని ఇద్దరికి పాల్ రోజిన్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఆయన బృందం భోజనం పెట్టి చూశారు. ఆ ఫలితాలు 1998లో అచ్చయ్యాయి. తిన్న 10 నుంచి 30 నిమిషాలకు మళ్లీ పళ్లెం ముందుపెడితే ఇద్దరూ తినేశారు. మూడోసారి పెట్టినా చాలాసార్లు మొదలుపెట్టారు. కడుపు నిండే ఉంది. తిన్న సంగతి గుర్తులేదు, అంతే. మనకా యోగం లేదే అని దిగులు పడకండి. మన చేతిలో సెల్‌ఫోన్ ఉంది.

సాధనకు ఖమ్మం నుంచి భద్రాచలం బస్సు మంచి చోటు. కిటికీ పక్కన కూర్చుని రీల్స్ పెట్టండి, రెండో చేత్తో మిర్చి బజ్జీ పొట్లం విప్పండి. ఏన్కూరు వచ్చేసరికి పొట్లంలో నూనె మరక తప్ప ఏమీ మిగలకూడదు. ఎన్ని తిన్నారో మీకే తెలియకపోతే సాధన ఫలించినట్టే. పల్లీలు కొంటే వలిచినవే కొనండి. తొక్క ఉన్నవైతే ఒళ్లో కుప్ప పడి ఎన్ని తిన్నారో చెప్పేస్తుంది. బ్రిస్టల్ పరిశోధకులు 2011లో అచ్చువేసిన ప్రయోగంలో కొందరు కంప్యూటర్లో పేకాట ఆడుతూ మధ్యాహ్న భోజనం చేశారు. ఏది ముందు తిన్నారో, ఏది తర్వాతో సరిగా చెప్పలేకపోయారు. పేకాట లేకుండా తిన్నవాళ్లకంటే ఆ తర్వాత బిస్కెట్లు కూడా ఎక్కువ లాగించారు. కొత్తగూడెం బస్టాండులో దిగి టీ, సమోసా తీసుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే ధైర్యంగా ఉంటుంది.

విస్తరాకు జోలికి మాత్రం వెళ్లకండి. అడ్డాకులు పుల్లలతో కుట్టిన పెద్ద విస్తరి చాలా ప్రమాదకరం. అన్నం ఎంత, పప్పు ఎంత, అన్నీ కళ్లముందు పరిచి ఉంటాయి. నమిలిన మునక్కాడ పిప్పి, తీసిపెట్టిన కరివేపాకు, చింతగింజ, అన్నీ అంచున వరసకట్టి భోజనం ఎంతదాకా వచ్చిందో చూపిస్తుంటాయి. పైగా పంక్తిలో పెరుగు వచ్చిందంటే అయిపోయినట్టే. ఇంట్లో ఈ బెడద లేదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుని గిన్నెలోంచి చెంచాతో నిలబడే కానివ్వండి. ఎంత తిన్నామో కంటికి ఆనితే ఆ లెక్క గంటల తరబడి తలలో ఉండిపోతుంది. బ్రిస్టల్‌లోనే 2012లో వెలువడిన మరో ప్రయోగంలో సూపు గిన్నెను రహస్యంగా నింపుతూ, తోడేస్తూ మాయచేశారు. తాగిన వెంటనే మాట ఎలా ఉన్నా, రెండు మూడు గంటల తర్వాత ఆకలి మాత్రం కడుపులోకి ఎంత వెళ్లిందన్నదాన్ని బట్టి కాక, గిన్నెలో ఎంత కనబడిందన్నదాన్ని బట్టి ఉంది. కాబట్టి కంటికి కనబడనివ్వకండి.

శనివారం ఉపవాసాన్ని వదలొద్దు. రాత్రి అన్నం మానేసి నాలుగు ఇడ్లీ, రెండు పెసరట్లు, ఒక అరటిపండు, పడుకునే ముందు గ్లాసుడు పాలు. 'ఏమండీ, ఇంకో అట్టు వేయనా' అంటే 'ఉపవాసం కదా, ఒక్కటి చాలు' అని రెండు వేయించుకోండి. అన్నం ముట్టలేదు గనక ఏమీ తిననట్టే. భద్రాచలం వెళ్తే నవమి పానకం, వడపప్పు, ప్రసాదం లడ్డు ఎటూ లెక్కలోకి రావు. యేల్ విశ్వవిద్యాలయంలో ఏలియా క్రమ్ బృందం ఒకే 380 కేలరీల మిల్క్‌షేక్‌ను ఒకసారి 620 కేలరీలదని, మరోసారి 140 కేలరీలదని చెప్పి అదే మనుషులకు ఇచ్చింది. ఇది 2011 నాటి మాట. ఘనమైనదని నమ్మి తాగినప్పుడు గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ బాగా దిగింది, తేలికదని నమ్మినప్పుడు పెద్దగా కదల్లేదు. 'ఏదో పలహారం' అనుకుంటూ తింటే ఆకలి మిగిలే ఉంటుందన్నమాట. మన ఇళ్లలో ఈ విద్య ఎప్పట్నించో ఉంది.

గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే మాత్రం జాగ్రత్త. అక్కడి కోయ పల్లెల్లో కొత్తల పండుగ చేసి, పెద్దలకు పెట్టాకే కొత్త పంట నోట పెట్టే ఆచారం ఉంది. తినేముందు ఆగడం, తలుచుకోవడం, నలుగురితో కూర్చోవడం మన సాధనకు గిట్టనివి. ఆ వాసన తగిలితే ఇన్నాళ్ల శ్రమ వృథా.

ఇంకో మాట. తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి, ఎండల్లో తునికాకు కోతకు అంబలి తాగి వెళ్లే ఆడవాళ్లకు ఈ చిట్కాలు రాయలేదు. వాళ్ల ఆకలి మరుపు వల్ల వచ్చింది కాదు, తిండి చాలక వచ్చింది. ఎవరైనా దాన్ని కూడా మనసు మాయ అంటే, ఆ మనిషికి ఒకపూట అంబలితో సరిపెట్టి ఆకు కోయించాలి. ఈ చిట్కాలు ఫ్రిజ్ ఉన్నవాళ్లవి, నాలాంటివాళ్లవి.

చివరగా ఒక హెచ్చరిక. బర్మింగ్‌హామ్‌లో సుజాన్ హిగ్స్ 2002లో అచ్చువేసిన ప్రయోగాల్లో, బిస్కెట్లు పెట్టేముందు ఆరోజు మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తు చేసుకోమన్నారు. అలా గుర్తు చేసుకున్నవాళ్లు తక్కువ తిన్నారు. అందుకని సాయంత్రం పకోడీల ముందు కూర్చున్నాక ఎవరైనా 'మధ్యాహ్నం ఏం కూర బావా?' అని అడిగితే జవాబు చెప్పకండి. వెంటనే మాట మార్చేయండి.