కూరుచుండుడయ్య: కంచన్‌బాగ్ వ్యాఖ్య

అవతారిక

టీకాలు రాయడం తెలంగాణకు కొత్త విద్య కాదు. కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. చెడ్డ వ్యాఖ్యల విషమెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని తిరిగి లేపడానికే తన టీకా పుట్టిందనీ ఆయన మొదట్లోనే చెప్పుకున్నాడు. వైద్యానికీ వ్యాఖ్యానానికీ ఆ విధంగా ఆరేడు వందల ఏళ్ల కిందటే చుట్టరికం కలిసింది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కూడా ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు మనకూ శిరోధార్యమే. రెండోది కుదరదు. డాక్టరు కోసం బెంచీ మీద కూర్చున్నవాడికి అక్కరలేనిది మాట్లాడకపోతే పొద్దు పోదు.

ఇక రంగస్థలం. హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్ అంటే బయటి ఊళ్లవాళ్లకు క్షిపణులు. రక్షణ ప్రయోగశాలలు డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, 1970లో వచ్చిన భారత్ డైనమిక్స్, 1973లో వచ్చిన మిధాని అన్నీ ఇక్కడివే. 1982లో అబ్దుల్ కలాం గారు డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చాక 1988లో పృథ్వి, 1989లో అగ్ని లేచాయి. ఈ సంస్థల గోడ అవతలివాళ్లు వైద్యం వైపు తొంగిచూడలేదని అనడానికీ లేదు. పోలియో పిల్లలు కాళ్లకు తొడుక్కునే మూడు కిలోల ఇనుప చట్రాలను, క్షిపణికి వాడే తేలిక పదార్థంతో 300 గ్రాములకు దించింది ఈ కొలువుల వాళ్లే. గుండె డాక్టరు సోమరాజు గారితో కలిసి కలాం చేసిన చవక స్టెంటుకు ఇద్దరి పేర్లూ కలిపి కలాం-రాజు స్టెంట్ అన్నారు. మిధాని నేటికీ టైటానియంతో ఎముకల్లో అమర్చే ఇంప్లాంట్లు చేస్తోంది.

ఇదంతా గోడ అవతల. గోడకు ఇవతల గల్లీలో ఒక షట్టరు, లోపల ప్లైవుడ్ అడ్డుగోడ, రెండు బెంచీలు, ఒక బరువు మిషను, ఒక కాంపౌండరు. ఓవైసీ ఆసుపత్రి ఉంది, డీఆర్‌డీవో పేరుతో అపోలో ఉంది, 2018 నుంచి సర్కారు బస్తీ దవాఖానాలూ తెరిచింది. అయినా సాయంత్రం ఏడింటికి ఒళ్లు వెచ్చబడితే మిధాని షిఫ్టు దిగినవాడైనా, హాఫిజ్ బాబా నగర్ ఖాలా అయినా, చంపాపేట అక్కయ్య అయినా వచ్చేది ఈ షట్టరు కిందికే. ఇక్కడ పొద్దూకులూ వినిపించే మాటలను ఆటవెలదిలో కూర్చితే ఇలా వచ్చింది.

మూలం

కూరుచుండుడయ్య కొద్దిసేపట్లోన
వచ్చు సారు; తమరు వరుస విడక
నాల్క చూపుడయ్య; నలత యేనాటిదో;
మూడు నాళ్లు వాడి మొగము చూపు.

ప్రతిపదార్థం

అయ్య = ఓ రోగీ (వెంట వచ్చిన బావమరిదికీ వర్తిస్తుంది); కూరుచుండుడు = బెంచీ ఖాళీగా ఉంటే కూర్చోండి, లేకుంటే నిలబడే కూర్చున్నట్టు భావించండి; కొద్దిసేపట్లోన = కాంపౌండరుకు మాత్రమే తెలిసిన ఒక కాలమానంలో; సారు = వైద్యుడు; వచ్చు = వస్తారు, రావచ్చు, బయల్దేరుతూ ఉండవచ్చు; తమరు = టోకెన్ గలవారు; వరుస విడక = వంతు తప్పక; నాల్క = నాలుకను; చూపుడయ్య = బయటపెట్టండి బాబూ; నలత = ఒంట్లో బాగోలేకపోవడం; ఏనాటిదో = ఎప్పుడు మొదలైందో; మూడు నాళ్లు = మూడు దినాలు (దీనిమీద పెద్ద వివాదం ఉంది, కింద చూడండి); వాడి = గోలీలు మింగి; మొగము = ముఖాన్ని, పాత చీటీతో సహా; చూపు = చూపించు.

తాత్పర్యం

ఆగు, చూపించు, మింగు, మళ్లీ రా.

విశేషాలు

'కొద్దిసేపట్లోన': దీనికి పాఠాంతరాలు మెండు. తెలుగువాళ్లకు "కూసో అన్నా, ఐదు నిమిషాల్ల వస్తడు" అనీ, ఖాలాలకు "బైఠో ఖాలా, అభీ ఆతే" అనీ, ఫోను చేసినవాళ్లకు "సార్ ఫ్లైఓవర్ మీదున్నరు" అనీ కాంపౌండరు మూడు పాఠాలూ ఏకకాలంలో చదువుతాడు. ఆ ఫ్లైఓవర్ మిధాని కూడలి మీదిది. 2021 డిసెంబరులో తెరిచి దానికి కలాం పేరే పెట్టారు. దానిమీద ఎవరూ అరగంట ఉండరన్నది బెంచీకంతటికీ తెలుసు. తెలిసీ ఎవరూ అడగరు.

ఇక్కడ పూర్వపక్షం: సెకను తేడా వస్తే ప్రయోగమే ఆపేసే కొలువులు పక్కనే ఉండగా, ఈ ఐదు నిమిషాలు యాభై నిమిషాలు కావడం దోషం కాదా? సమాధానం: కాదు. క్షిపణి ఒక్కటే లేస్తుంది, దాని ముందు ఎవరూ కూర్చుని ఉండరు. డాక్టరు ముందు కూర్చున్న ముసలాయనకు మాత్రం మోకాళ్ల నొప్పి చెప్పడం అయ్యాక కోడలి సంగతి చెప్పాలనిపిస్తుంది. ఆయన చెప్పే ఆ పది నిమిషాలు మన ఖాతాలోంచే పోతాయి. రేపు మన నాన్న వెళ్లినప్పుడు ఇంకొకరి ఖాతాలోంచి పోతాయి. కాబట్టి 'కొద్దిసేపు'కు వాచ్యార్థం పట్టుకుని కాంపౌండరుతో గొడవపడటం రసభంగం.

'వరుస విడక': ఈ పద్యానికి గుండెకాయ ఇదే. దీన్ని పై వాక్యానికి కలపాలా, కింది వాక్యానికి కలపాలా? పైకి కలిపితే 'వరుసలోనే ఉండండి' అని కాంపౌండరు మాట అవుతుంది. కిందికి కలిపితే 'వరుసగా రండి, నాలుక చాపండి' అని డాక్టరు మాట అవుతుంది. గడప మీది దీపం ఇంటికీ వాకిలికీ వెలుగిచ్చే దేహళీదీప న్యాయం ఇక్కడ చెల్లుతుంది. పదం ఒక్కటే, ప్లైవుడ్ గోడకు ఇటూ అటూ పనిచేస్తుంది.

వరుసకు ప్రమాణం టోకెను. మందుల అట్టపెట్టెలను నలుచదరంగా కత్తిరించి, స్కెచ్ పెన్నుతో అంకెలు వేసిన ముక్కలవి. ఎన్ని చెమట చేతులు మారాయో, 7కీ 1కీ తేడా చెరిగిపోయింది. ఏడో నంబరువాడు ఒకటోవాడిగా లేచి నిలబడ్డప్పుడు బెంచీ మొత్తం శాసనాలు చదివే పండితుల్లా ఆ ముక్క చుట్టూ మూగుతుంది.

వరుసకు అపవాదాలు మూడు రకాలు. ఒకటి, మెడికల్ రెప్. మెడలో టై, చేతిలో పెద్ద సంచి. ఆయనది వేరే వరుస, దానికి ఆయనొక్కడే మొదలూ చివరా. రెండు, ఏడుస్తున్న పసిపాప. ఇక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు, ఖాలాలే లేచి "పహలే బచ్చే కో దిఖావ్" అంటారు. మూడోది ప్రమాదకరమైనది. "అన్నా, ఒక్క నిమిషం. చూపించుకునేది లేదు, రిపోర్టు చూపించి వస్తా." రిపోర్టు చూపించి రావడం అనేది లోకంలో ఇంతవరకూ ఒక్క నిమిషంలో జరిగిన దాఖలా లేదు. రిపోర్టు చూస్తే షుగరు కనబడుతుంది, షుగరు కనబడితే మామిడిపళ్ల ప్రస్తావన వస్తుంది, అది వస్తే వాదన మొదలవుతుంది. రిపోర్టువాడిని లోపలికి వదలకూడదన్నది బెంచీ సిద్ధాంతం. వదలాలన్నది కాంపౌండరు మతం. ఎవరెంత తర్కం చేసినా తలుపు గొళ్లెం ఆయన చేతిలో ఉంది కాబట్టి ఆయన మతమే నెగ్గుతుంది.

చికిత్సకు నాలుగు పాదాలని చరకుడు చెప్పాడు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. ఒక్కో పాదానికి నాలుగు గుణాలు, వెరసి పదహారు. పరిచారకుడి గుణాలు సేవ తెలిసి ఉండటం, నేర్పు, రోగి మీద ప్రేమ, శుచి. మన కాంపౌండరు వేషం చూసి ఈ లెక్కలోకి రాడనుకుంటాం గానీ, బీపీ పట్టీ చుడుతూ "నిన్న దావత్‌ల ఉప్పు బాగ తిన్నవ్ గద అమ్మీ" అనేది ఆయనే. ఎవరికి సల్ఫా పడదో, ఎవరికి సూది చూస్తే కళ్లు తిరుగుతాయో కంప్యూటరు లేకుండా చెప్పేదీ ఆయనే. తలుపు గొళ్లెం విషయంలో తప్ప ఆయన్ను నేను తప్పుపట్టను.

'నాల్క చూపుడయ్య, నలత యేనాటిదో': ఈ రెండు మాటలూ ఒకే పాదంలో ఎందుకు పడ్డాయో గమనించాలి. నాలుక బయటపెట్టిన మరుక్షణమే ప్రశ్న వస్తుంది. నాలుక బయట ఉండగా జవాబు చెప్పడం మనుషులకు సాధ్యం కాదు. రోగి "ఆఁ, ఆఁ" అంటాడు. దాన్ని 'రెండు' అని డాక్టరు అర్థం చేసుకుంటారు, 'రెండు వారాలు' అని వెంట వచ్చిన భార్య అంటుంది, 'రెండు రోజులే' అని తల్లి అంటుంది. రోగికి ఉండవలసిన నాలుగు గుణాల్లో తన బాధను తాను తెలియజెప్పగలగడం ఒకటని చరకుడే అన్నాడు. ఆయన కాలంలో నాలుక చూశాక ప్రశ్న అడిగేవారు కాబోలు.

నాలుక లోపలికి పోయాక వచ్చే జవాబులకూ ప్రత్యేక వ్యాఖ్య కావాలి. కంచన్‌బాగ్‌లో జబ్బుకు తేదీలుండవు, పండగలుంటాయి. "లాల్‌దర్వాజ బోనాలప్పటి సంది దగ్గు." "మొహర్రం తర్వాత షురూ అయింది సాబ్." "చిన్నోడి పెళ్లి దావత్ తిన్నప్పటి నుంచి కడుపులో మంట." డాక్టరు ఈ శకాలన్నిటినీ మనసులోనే లెక్కగట్టి చీటీ మీద 'ఐదు రోజులు' అని రాస్తారు. పంచాంగకర్తలకు తీసిపోని విద్య ఇది. దావత్ మాట వినగానే ఆయన కలం దానంతటదే గ్యాస్ గోలీ రాసేస్తుంది. అసలు ఈ చీటీల్లో గ్యాస్ గోలీ లేనిది చూడలేదు. కాలు బెణికినా అది ఉంటుంది, కావ్యారంభంలో ఇష్టదేవతా స్తుతి ఉన్నట్టు.

'చూపుడయ్య', 'చూపు': మూడో పాదంలో బహువచనం, అయ్య అన్న సంబోధన. నాలుగో పాదానికి వచ్చేసరికి ఒట్టి ఏకవచనం. ఇది కవి అశ్రద్ధా, కావాలని చేసిందా? ఛందస్సులో అంతకంటే చోటు లేదని లాక్షణికులంటారు. రెండు పాదాల మధ్య ఫీజు చేతులు మారిందని బెంచీవాళ్లంటారు. రెండోదే సమంజసంగా తోస్తోంది గానీ, డాక్టరుకు న్యాయం చేయాలంటే ఇంకో అర్థమూ ఉంది: లోపలికి వెళ్లినప్పుడు అపరిచితుడు, బయటికి వచ్చేటప్పుడు ఇంటి మనిషి. మాది 'నువ్వు' అనేదాకా నమ్మకం కుదరని ప్రాంతం.

'మూడు నాళ్లు': అన్నిటికంటే చిక్కు ఇక్కడుంది. శబ్దానికి మూడు శక్తులు, అభిధ, లక్షణ, వ్యంజన. నాలుగు వ్యాఖ్యా సంప్రదాయాలు ఈ మూడింటినీ పంచుకున్నాయి. డాక్టరు మతంలో మూడంటే మూడే. రోగి మతంలో మూడంటే జ్వరం తగ్గేదాకా, అంటే ఒకటిన్నర. రోగి భార్య మతంలో ఒకటిన్నర పోగా మిగిలిన గోలీలు స్టీలు డబ్బాలో దాచి, వచ్చే నెల తమ్ముడికి ఇవ్వాల్సినవి. రోగి తల్లి మతంలో గోలీలు అనవసరం, ఒక సూది పొడిపించి గ్లూకోజు ఎక్కిస్తే సరిపోయేది.

అయిదో వ్యాఖ్యాత మెడికల్ షాపు కుర్రాడు. డాక్టరు రాసిన బీడీ, టీడీఎస్, ఎస్‌ఓఎస్ అన్నవి లాటిన్ సూత్రాలకు పొడి అక్షరాలు. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు, అవసరమైతేనే అని వాటి అర్థం. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన పెట్టింది. మన చీటీలోని రాత ఆ నిబంధన కంటే పురాతనమైన లిపి. కుర్రాడు దాన్ని చూసీ చూడనట్టే చూసి, కాగితం కవరు మీద పొద్దుటికో గీత, మాపటికో గీత గీసి ఇస్తాడు. ఇంతకంటే సరళమైన టీకా నేను చదవలేదు. ఒక్క దోషం ఉంది. "ఆరు చాలు" అంటే కత్తెరతో పట్టీని అడ్డంగా తుంచుతాడు. మందు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. ఇంటికొచ్చి స్టీలు డబ్బాలో చూస్తే తలా తోకా లేని తాళపత్రాలు.

ఇప్పుడు సిద్ధాంతం. 'కొద్దిసేపు'కు వ్యంజన చెల్లింది, 'వరుస'కు దీపపు న్యాయం చెల్లింది, 'వచ్చు'కు ఎన్ని అర్థాలు చెప్పినా ఎవరి ప్రాణమూ పోలేదు. 'మూడు నాళ్లు'కు మాత్రం అభిధ ఒక్కటే అర్థం. ఎందుకంటే ఇది మనుషులను ఉద్దేశించిన మాట కాదు, ఒంట్లోని క్రిములను ఉద్దేశించింది. వాటికి అలంకారశాస్త్రం రాదు. సగంలో ఆపిన యాంటీబయాటిక్‌ను అవి సగం చదివిన పాఠంగా తీసుకుని, చావగా మిగిలినవి దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయి. తర్వాత వచ్చే జ్వరానికి ఆ గోలీ పనిచేయకపోవచ్చు, ఆ జ్వరం స్టీలు డబ్బా తమ్ముడిదీ కావచ్చు. ఇలాంటి మందుల పట్టీ మీద ఎర్ర నిలువుగీత చూసి జాగ్రత్తపడమని 2016లో కేంద్రం ప్రచారం చేసింది. కత్తెర పడ్డ పట్టీలో ఆ గీత ఎవరి వాటాకు పోయిందో తెలియదు. జలుబుకు యాంటీబయాటిక్ అడిగి మరీ రాయించుకునేవాళ్లకు ఈ పాదం అసలు వర్తించదు. వాళ్లు వైద్యుడి చేత ప్రక్షిప్తం రాయిస్తున్నారు.

'మొగము చూపు': మూడు రోజుల్లోపు మళ్లీ వస్తే ఫీజు లేదన్నది ఇందులో దాగిన అర్థం. గుణం కనిపించినవాళ్లు రారు. గుణం కనిపించనివాళ్లు సరిగ్గా మూడో రోజు షట్టరు దించే వేళకు వస్తారు. శుక్రవారం చూపించుకున్నవాడికి మూడో రోజు ఆదివారం, ఆ రోజు క్లినిక్కు లేదు. సోమవారం వస్తే అది మూడో రోజా, నాలుగో రోజా? ఆదివారం లెక్కలోకి రాదని రోగి మతం. "దవాఖాన బందుంటది గని బీమారి బందుంటదా అన్నా?" అని కాంపౌండరు మతం. ప్రతి సోమవారం సాయంత్రం ఏడింటికి ఈ శాస్త్రచర్చ మొదటినుంచీ మళ్లీ జరుగుతుంది. అప్పటికి డాక్టరు గారు ఫ్లైఓవర్ మీదుంటారు.