ఫార్మాట్ వైద్యులు

మన ఎఫ్.ఎం. స్టేషన్లలో కంప్యూటర్ నెమ్మదిస్తే వైద్యం ఒక ఖాయమైన వరసలో నడుస్తుంది. ముందు రీస్టార్ట్. తగ్గకపోతే వైరస్ వచ్చిందంటారు. ఆ పైన ర్యామ్ పెంచాలంటారు. ఆ పైన ఫార్మాట్. అప్పటికీ లొంగకపోతే కొత్త సిస్టమ్‌కు కొటేషన్. ఈ వరసలో రోగిని పరీక్షించడం అనే పని ఎక్కడా తగలదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్న పెద్దమనిషి వంశం అంతరించలేదు, ఐటీ సపోర్ట్‌లో చేరింది.

పాటలు, జింగిల్స్, ప్రకటనలు అన్నీ సర్వర్‌లో ఉంటాయి. ఆన్-ఎయిర్ స్టూడియో, ప్రొడక్షన్ గది, ప్రకటనల షెడ్యూలు వేసే గది, మూడూ అక్కడి నుంచే లాక్కుంటాయి. అందులో ఆన్-ఎయిర్ సిస్టమ్ ఒక్కటే ఈడుస్తోంది, మిగతా రెండూ బాగానే ఉన్నాయి. అయినా “సర్వర్ స్లో అండీ” అని తేల్చేస్తారు. సర్వర్ ఆ ఒక్క గది మీదే కక్ష కట్టిందా అని అడిగితే, ఇవన్నీ టెక్నికల్ విషయాలు, మీకు అర్థం కావంటారు.

ర్యామ్ సంగతి ఇంకా ముచ్చట. సీడీ నాణ్యతలో ఉన్న వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు. నాలుగు నిమిషాల పాటంటే నలభై. దాన్ని వినిపించడానికి సెకనుకు 1.4 మెగాబిట్లు అందితే చాలు, వెనకటి 10 మెగాబిట్ల లైను మీద కూడా హాయిగా పోతుంది. అలాంటి పాట గిగాబిట్ నెట్‌వర్క్ మీద నత్తినత్తిగా వస్తుంటే, 8 జీబీల ర్యామ్‌ను 16 చేస్తే గొంతు సర్దుకుంటుందట!

“పింగ్ వస్తోంది కదా సార్!” ఇది వాళ్ల బ్రహ్మాస్త్రం. ఎందుకు రాదూ? పింగ్ అంటే అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే చిన్న పలకరింపు. విండోస్ మామూలుగా పంపే పింగ్‌లో సరుకు 32 బైట్లు. నిండు ప్యాకెట్ 1500. ఎప్పుడో ఒక మహానుభావుడు “స్పీడ్ కోసం” నెట్‌వర్క్ కార్డును 100 మెగాబిట్లు, ఫుల్ డ్యూప్లెక్స్ అని చేత్తో బిగించి పోయాడనుకోండి. అవతల స్విచ్ మాత్రం ఆటోలోనే, అంటే కార్డుతో బేరమాడి కుదుర్చుకునే పద్ధతిలోనే ఉంది. బేరానికి జవాబు రాక అది హాఫ్ డ్యూప్లెక్స్‌కు దిగిపోతుంది. ఒకేసారి పంపొచ్చు, అందుకోవచ్చు అని కార్డు, వంతులవారీగానే అని స్విచ్. రద్దీ లేనంతసేపు గొడవ బయటపడదు. పెద్ద ఫైలు కదిలిందా, ప్యాకెట్లు ఢీకొని పోతాయి, మళ్లీ పంపాలి, మళ్లీ పోతాయి. లైటు పచ్చగానే వెలుగుతుంది. పింగ్ వస్తుంది. పాట రాదు.

అది కాకపోతే వైరు. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు చాలు. ఆర్జే కుర్చీ చక్రం కింద నలిగి, 100కు అక్కరలేని జతల్లో ఒకటి తెగితే, చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి; ఒక్క పాటకు అది చాలినా, ఫైళ్ల కాపీ ఈడుస్తుంది. అదీ కాకపోతే యాంటీవైరస్, ఇళయరాజా పాట తెరిచిన ప్రతిసారీ అందులో దొంగ దాక్కున్నాడేమోనని సోదా చేస్తుంటుంది. ఈ మూడూ తెలుసుకోవడానికి కావలసిన పరికరం చేతి గడియారం. ఒకే పాటను రెండు గదుల్లో కాపీ చేసి టైము చూడాలి, రెండు గదుల నెట్‌వర్క్ వైర్లు అటూ ఇటూ మార్చి జబ్బు ఎటు పోతోందో చూడాలి. అయితే, వైరు మార్చినందుకు బిల్లు ఎంతని రాస్తారు?

“రీస్టార్ట్ కొడితే బాగయింది కదండీ” అని మరో వాదం. తెల్లవారుజామున కొడితే బాగవదా? ఆ వేళ నెట్‌వర్క్ మీద ఇంకెవరూ లేరు. పైగా రీస్టార్ట్‌తో ఆ కార్డులో పేరుకున్న తప్పుల లెక్క కూడా సున్నా అవుతుంది. ఆకాశవాణి కంట్రోల్ రూముల్లో లాగ్‌బుక్ ఉండేది. ప్రసారం ఎన్ని గంటలకు తెగింది, ఎంతసేపు, ఎందుకు అని డ్యూటీలో ఉన్నవాళ్లు రాసి సంతకం పెట్టాల్సిందే. ఇప్పుడా చాదస్తం లేదు. వాట్సాప్ గ్రూపులో “మళ్లీ హ్యాంగ్” అని పెడితే, కింద నలుగురు దండాలు పెడతారు.

చివరకు కొత్త సిస్టమ్ వచ్చింది, పెట్టె విప్పారు, పసుపూ కుంకుమా పెట్టారు, పాత వైరుకే తగిలించారు. ఇప్పుడు సర్వర్ మార్చాలంటున్నారు.