తక్కువే పోగు చేయండి: సండేస్కూల్ టీచర్లకు తలకిందుల సలహాలు

సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో మీ సండేస్కూల్ పిల్లలు వేరే దేశం పిల్లల కోసం కానుక పోగు చేద్దామంటున్నారా? ముందుగా ఒక్క పని మానండి. ఇంత రావాలని అంకె పెట్టుకోకండి. ‘ఈసారి యాభై వేలు’ అని బోర్డు మీద రాశారంటే, ఇక టీచరమ్మ చూపు పిల్లల మీద నిలవదు. చందాలు వసూలు చేసి చెయ్యి తిరిగిన సంఘపెద్దలకు ఈ మాట రుచించదని తెలుసు. అయినా చెప్పాల్సిందే.

పిల్లల చేతికి రసీదు పుస్తకమిచ్చి బజారుకు పంపకండి. షాపు సేటు ఇచ్చిన వంద ఆయన కానుక, పిల్లవాడిది కాదు. చిప్స్ ప్యాకెట్ కొనుక్కోకుండా మిగిల్చిన పది రూపాయలు వాడివి. అమ్మ వండబోయే బియ్యంలోంచి తీసి పక్కన పెట్టిన గుప్పెడు ఆ ఇంటిది. మిజోరంలో సంఘాలు 1910 నుంచి ఇలా గుప్పెడు బియ్యం తీసిపెట్టే సేవ నడుపుతున్నాయి. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మన ఊళ్ళకు అది కష్టమేమీ కాదు.

కోతల పండుగ వేలంపాటలో పిల్ల తెచ్చిన సొరకాయను పెద్దలు పోటీపడి ఐదువందలకు పాడతారు. డబ్బు వస్తుంది, నిజమే. కానీ ఇంటికి వెళ్ళేటప్పుడు అందరి నోటా ఉండేది పాట పాడినాయన పేరు. ఆ కాయను బజారు ధరకే అమ్మండి. మైకులో ఎవరి పేరూ చదవకండి. కానుక సంచి తిప్పితే చాలు.

ఇక ఎక్కువమంది కాదనే సలహా. పట్నంలోని కలిగిన సంఘంతో మొదలుపెట్టకండి. పల్లెల్లో, మాల మాదిగ వాడల్లోని చిన్న సంఘాల పిల్లలను ముందు పిలవండి. ‘వాళ్ళకే లేదు, వాళ్ళేం ఇస్తారు’ అంటారు. సరిగ్గా అందుకే పిలవమంటున్నాను. స్పాన్సర్‌షిప్ పథకాల కోసం వరసలో నిలబడి ఫొటోలు దిగింది ఇలాంటి ఇళ్ళ పిల్లలే. ఎన్నడూ చూడని దాతకు క్రిస్మస్‌కు థాంక్యూ ఉత్తరం రాసిందీ వాళ్ళే. పుచ్చుకునేటప్పుడు తల ఎంత వంచాల్సి వస్తుందో వాళ్ళ అమ్మానాన్నలకు తెలుసు. ఇవ్వడానికి పిలిచినవాళ్ళే వాళ్ళకు ఇన్నాళ్ళూ లేరు. అందుకే ఏడుస్తున్న పిల్లల బొమ్మలు గోడకు అంటించవద్దు. ఆ దేశపు పిల్లలు ఏం ఆడతారో, ఏం తింటారో, బడికి ఎలా వెళ్తారో చెప్పండి. అక్కడినుంచి ఫొటో గానీ ఉత్తరం గానీ అడగనే వద్దు.

ఏ దేశానికంటారా? నన్నడిగితే ఉక్రెయిన్‌కు. 1890 ప్రాంతంలో నల్లగొండలో బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ రష్యా సామ్రాజ్యంలోని మెనోనైటులు అనే క్రైస్తవ శాఖవారు. తర్వాత సూర్యాపేటకూ అక్కడివాళ్ళే వచ్చారు. వాళ్ళ వెనక నిలిచినవి మొలోచ్నా నది ఒడ్డున గోధుమ పండించుకునే రైతుల కానుకలు. ఆ ఊళ్ళు ఇవాళ ఉక్రెయిన్‌లోని జపోరిజియా ప్రాంతంలో, 2022 నుంచి యుద్ధం మధ్యలో ఉన్నాయి. ఆ మెనోనైటుల్లో చాలామంది తర్వాతి కాలంలో కెనడా వైపు వలసపోయారు, ఇప్పుడు అక్కడున్న పిల్లలు వాళ్ళ మనవలు కారు. కాకపోయినా సరే. తీసుకున్నచోటే తిరిగి ఇవ్వాలన్న నియమం లేదు. మనవాళ్ళు అలా వేరేచోట ఇచ్చే పని ఎప్పుడో చేశారు కూడా. నాతాల్ తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని 1903లో దక్షిణాఫ్రికాకు పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సంఘమే. అమెరికా మిషన్ డబ్బుతో బతుకుతున్నారని పేరుపడ్డవాళ్ళు చేసిన పని అది. ఈ కథ పిల్లలకు చెప్పకుండా సంచి తిప్పవద్దు.

డబ్బు పంపే తొందర పెట్టుకోకండి. చందా మొదలుపెట్టకముందే బ్యాంకుకు వెళ్ళి అడగండి. బయటి దేశానికి సొమ్ము పంపాలంటే విదేశీ మారకపు చట్టం (ఫెమా) నిబంధనలున్నాయి. ఏడాదికి 2,50,000 డాలర్ల వరకూ పంపే వెసులుబాటు వ్యక్తులకే గానీ ట్రస్టులకు, సంస్థలకు లేదు. కనుక ఎవరి పేరున, ఏ కారణం రాసి పంపాలో ముందే తేల్చుకోవాలి. అయ్యగారి సొంత ఖాతాలో మాత్రం వేయవద్దు, ఆయన ఎంత మంచివారైనా. బ్యాంకుకు పెద్దపిల్లలను ఇద్దరిని వెంట తీసుకెళ్ళండి. కమిషన్ కింద ఎంత పోయిందో, అవతలికి ఎంత చేరిందో వాళ్ళచేతే రాయించి చర్చి నోటీసు బోర్డు మీద పెట్టండి. మొత్తం మూడువేలే అయితే మూడువేలనే రాయించండి. పక్క సంఘంవాళ్ళు పదివేలు పంపారని ఎవరైనా అంటే ఆ అంకె కింద ఇంకేమీ చేర్చవద్దు.